బిడ్డ ఫైలు కనబడటం లేదంటే

తల్లి కువైట్‌లో పనికి వెళ్లింది, బిడ్డ కోనసీమలో అమ్మమ్మ దగ్గరుంది. ఏదో గొడవై బాలల సంక్షేమ సమితి ఆ పిల్లను బాలసదనానికి పంపిందనుకుందాం. తల్లి తిరిగొచ్చి బిడ్డనిమ్మంటే ‘ఫైలు కనబడటం లేదమ్మా’ అంటారు.

గోదావరి జిల్లాల్లో ఈ మాట విని ఫైలు పోయిందని వెంటనే నమ్మొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయే దాకా తూర్పు గోదావరి కలెక్టరేటు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమండ్రిలో ఉండేవి. పశ్చిమకు ఏలూరు కేంద్రం. ఇప్పుడు అమలాపురం, భీమవరం కూడా జిల్లా కేంద్రాలే. పాత కాగితం పాతచోటే ఉండిపోయి ఉండొచ్చు. అక్కడా అడగాలి, అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకోవాలి.

దొరక్కపోతే ఆ సంగతే రాసిమ్మనండి. అసలు పత్రం పోయిందని చూపించగలిగితే నకళ్లను సాక్ష్యంగా పెట్టడానికి దారి దొరుకుతుంది. అందుకే ఆ చిన్న కాగితం అంత విలువైంది.

తర్వాత ఫైలును మళ్లీ కూర్చాలి. పిల్లను పోలీసులు తెచ్చివుంటే స్టేషన్ జనరల్ డైరీ చూడాలి. సామాజిక విచారణ నివేదిక నకలు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దొరకొచ్చు. బాలసదనం రిజిస్టరు, ఆసుపత్రి కేస్‌షీటు, అంగన్‌వాడీ రికార్డు కూడా వెతకాలి. వయసు తేల్చడానికి 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరస చెప్పింది: ముందు బడి లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకుంటే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం, ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఫైలు లేదన్న సాకుతో నేరుగా పరీక్షకు పంపుతామంటే అభ్యంతరం చెప్పాలి.

అయితే దొరికిన ప్రతి కాగితాన్నీ నమ్మొద్దు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపిన దత్తత వ్యవహారంలో, తల్లులు బిడ్డల్ని వదులుకున్నట్టు రాసిన పత్రాల మీదే అనుమానాలు లేచాయి. తేదీ, వేలిముద్ర, సాక్షులు ఒక్కొక్కటిగా సరిచూడాల్సిందే.

రికార్డు పోయిందని కేసునే కొట్టేయడం సరికాదని, ముందు దాన్ని పునర్నిర్మించే ప్రయత్నం చేయాలని సుప్రీంకోర్టు 2004లో ఓ ఉత్తరప్రదేశ్ క్రిమినల్ కేసులో చెప్పింది. పిల్లల విషయంలో ఆ మాటను మరింత గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఫైలు వెతికేలోపు బిడ్డ తల్లి ముఖం మరిచిపోతుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం ఉంది. సమితి ఉత్తర్వుపై అప్పీలుకు గడువు 30 రోజులే. దాటిపోతే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. ‘దొరకలేదు’ అని రాసిచ్చిన కాగితాన్ని ఆ పిటిషన్‌కు జతచేయండి.