అద్దాల ఇంటిలో పాయిన్‌సెట్టియా

మన ఉద్యానములలో అక్కడక్కడ కనబడు పాయిన్‌సెట్టియా మొక్కను మీలో పలువురు చూచియే యుందురు. దాని కొమ్మల చివర ఎఱ్ఱగా విచ్చుకొని యుండునవి నిజమునకు పూరేకులు కావు. అవి రంగు మారిన ఆకులు. వాని నడుమ పసుపుపచ్చగా నుండు చిన్న ముద్దలలోనే అసలు పూలుండును. ఈ మొక్క జెముడునకు దగ్గరి చుట్టము. కొమ్మను గిల్లినచో జెముడువలెనే తెల్లని పాలు కారును.

దీని పుట్టినిల్లు మెక్సికో. 1825లో అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రతినిధిగా మెక్సికోకు వెళ్ళిన జోయెల్ పాయిన్‌సెట్ అను నాతడు దీనిని తన దేశమునకు పంపెను. ఆతని పేరే మొక్కకు నిలిచినది. నేడు ఐరోపా, అమెరికా ఖండములలో క్రిస్మస్ పండుగనాడు ఇండ్లను అలంకరించు మొక్కలలో ఇది మిక్కిలి ప్రసిద్ధము. కాని ఇది ఉష్ణదేశపు మొక్క. మంచు సోకిన బ్రదుకజాలదు. కావున చలిదేశములవారు అద్దములతో ఇండ్లు కట్టి, వానిని వెచ్చగా నుంచి, అందు కుండీలలో దీనిని పెంచుదురు.

ఆ వెచ్చదనము మొక్కకు ఎంత మేలో, దానిని పీడించు పురుగులకును అంతే మేలు. ఆరుబయట పురుగులను వాన కొట్టుకొనిపోవును, గాలి చెదరగొట్టును, సాలీళ్ళును ఇతర కీటకములును పట్టి తినును. అద్దాల ఇంటిలో వానయు లేదు, గాలియు లేదు, పురుగులను తినువారును లేరు. చలిని ఆపిన గోడలే శత్రువునకు కోటగోడలగును. పైగా ఈ పంటకు అమ్మకము డిసెంబరు నెలతో సరి. ఆ నాటికి ఆకులు చెడినచో రైతు ఏడాది పడిన పాటు నేలపాలగును.

ఈ మొక్కకు ప్రధాన శత్రువు తెల్లదోమ. దాని పొడవు మిల్లీమీటరు కంటె కొంచె మెక్కువ. అది ఆకు అడుగున గ్రుడ్లు పెట్టును. పిల్లలు అచ్చటనే అంటుకొని రసము పీల్చును. అవి విసర్జించు తీపి జిగురు క్రింది ఆకులపై పడును. దానిపై నల్లని మసివంటి బూజు పెరుగును. ఎఱ్ఱని ఆకులపై మసి పట్టిన మొక్కను ఎవరు కొందురు? ఒక ఆడదోమ వందకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. మూడు నాలుగు వారములలో ఆ పిల్లలు తాము గ్రుడ్లు పెట్టు వయసునకు వచ్చును. ఒకటి వంద యగుట, వంద పదివేలగుట ఎంత త్వరితమో మీరే లెక్క వేసికొనుడు.

విషము చల్లి చంపరాదా యని మీరడుగవచ్చును. మొదట అందరును అట్లే చేసిరి. కాని ఏ మందు చల్లినను పురుగులన్నియు చావవు. ఆ మందును తట్టుకొనగల కొన్ని మిగులును. వాని సంతానమునకును ఆ శక్తి వచ్చును. అదే మందును మరల మరల చల్లిన కొలది, లొంగని పురుగులే మిగిలి వృద్ధి చెందును. పురుగును తిను మిత్రకీటకములు మాత్రము ముందుగా నశించును. ఇది అద్దాల ఇండ్ల కథ మాత్రమే కాదు. 1980 దశాబ్దపు నడుమ మన గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలపై తెల్లదోమ విజృంభించి రైతులను మిక్కిలి నష్టపరచెను. కొన్ని క్రొత్త మందులను మితిమీరి చల్లుట అందులకు ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. పాయిన్‌సెట్టియాను నేడు ఎక్కువగా పీడించునదియు ఆ ప్రత్తి తెల్లదోమ జాతియే.

దీనికి విరుగుడు 1926లో ఇంగ్లండులో కనబడెను. అద్దాల ఇంటిలో టమాటాలు పెంచు తోటమాలి యొకడు, తెల్లదోమ పిల్లలలో కొన్ని నల్లబడి యుండుట గమనించెను. ఎవరును పట్టించుకొనని ఆ చిన్న విషయమును ఆతడు పరిశోధకుల దృష్టికి తెచ్చెను. చెస్‌హంట్ పరిశోధనాలయమునకు చెందిన స్పేయర్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షింపగా, ఆ నల్లని పొరలనుండి మిల్లీమీటరు పొడవైనను లేని కందిరీగలు వెలువడెను. వాని పేరు ఎన్కార్సియా. ఇవి మనుష్యులను కుట్టవు. దోమపిల్ల శరీరములో గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డునుండి వచ్చిన పురుగు దోమపిల్లను లోపలనుండి తినివేయును. కొలది సంవత్సరములలోనే వందల కొలది తోటలకు ఈ కందిరీగలను పంపిరి. తరువాత డి.డి.టి. వంటి మందులు రాగా జనులు వీనిని మరచిరి. మందులకు పురుగులు లొంగనప్పుడు, 1970 ప్రాంతమున, మరల వీనినే ఆశ్రయించిరి. ప్రత్తి తెల్లదోమపై ఎరెట్మోసీరస్ అను మరియొక చిన్న కందిరీగ ఇంకను బాగుగా పనిచేయును.

అయితే మిత్రులను పిలుచుటకు సమయము తెలియవలెను. దోమలు లక్షలైన పిమ్మట కందిరీగలను విడిచిన లాభములేదు. అవి పదుల సంఖ్యలో నున్నప్పుడే విడువవలెను. అందుచే తోటమాలి జిగురు పూసిన పసుపుపచ్చని అట్టలను మొక్కల నడుమ వ్రేలాడదీయును. ఆ రంగునకు ఆకర్షింపబడి దోమలు అంటుకొనును. వారము వారము వానిని లెక్కించి, ఆకుల అడుగు భాగములు తిప్పి చూచి, శత్రువు బలమెంతయో ఆతడు తెలిసికొనును. క్రొత్తగా తెచ్చిన కొమ్మలను నాటుటకు ముందే పరీక్షించును. ఏలయన పురుగు తరచుగా వానితోనే లోపలికి వచ్చును.

ఇక తెగుళ్ళ సంగతి. వీనికి మూలము చాలవరకు నీరే. కుండీలో నీరు నిలిచినచో పితియము అను సూక్ష్మజీవి వేళ్ళను కుళ్ళజేయును. వేరు గోధుమరంగుగా మారి, పైపొర ఊడివచ్చును. మన్ను తడిగా నున్నను మొక్క వాడిపోవును. అది చూచి దాహమనుకొని మరికొంత నీరు పోయువాడు మొక్కను చంపుకొనును. రాత్రివేళ చల్లబడిన ఆకులపై తేమ పేరుకొన్నచో బూడిదరంగు బూజు పట్టి, ఎఱ్ఱని ఆకుల అంచులు కుళ్ళును. కావున ఉదయముననే మొదళ్ళలో నీరు పోయుట, కుండీలను ఎడముగా నుంచుట, తేమగాలి బయటికి పోవుటకు కిటికీలు తెఱచుట, రాలిన ఆకులను ఏరివేయుట, కుండీలను, మట్టిని శుభ్రముగా నుంచుట ముఖ్యములు. ఈ పనులకు ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావలెను.

మరియొక విచిత్రము కలదు. కుండీలలో గుబురుగా, అనేక కొమ్మలతో పెరుగు పాయిన్‌సెట్టియాలకు ఆ రూపము ఎట్లు వచ్చినది? ఫైటోప్లాస్మా అను సూక్ష్మజీవి వాని శరీరములో నుండుటయే కారణమని 1997లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఇతర పంటలలో ఇట్టి జీవులు ఘోరమైన తెగుళ్ళను కలిగించును. ఈ మొక్కలో మాత్రము దానిని తొలగించినచో గుబురు పోయి, మొక్క నిటారుగా సాగి, అంద మంతయు చెడును. కావున తోటమాలులు దానిని పోనీయక కాపాడుకొందురు.

కంటికి కనబడు ప్రతి పురుగును శత్రువు కాదు; ప్రతి సూక్ష్మజీవియు రోగకారి కాదు. ఏది యెట్టిదో తెలిసికొనిన పిమ్మటనే మందు చేత పట్టవలెను. టమాటా ఆకుపై నల్లని చుక్కలను చూచి ఊరకుండక, ఇదేమని ప్రశ్నించిన ఆ తోటమాలి ఎన్నియో పంటలను రక్షించినవాడయ్యెను. మీ ఇంటి పెరటిలోని ఆకును తిప్పి చూచుటతో మీరును ఆ విద్యను ప్రారంభింపవచ్చును.