‘తల్లీబిడ్డా క్షేమం’ అనిపించిన పరిశోధనలు

కాన్పులో ఎంత రక్తం పోయిందో చాలాచోట్ల కంటి అంచనాతోనే చెబుతారు. ఆ అంచనా ఎంత మోసం చేస్తుందో 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం బయటపెట్టింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో 2 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించారు. పాత పద్ధతిలో అధిక రక్తస్రావాన్ని సగం మందిలోనే గుర్తుపట్టారు. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచిన చోట 93 శాతం మందిలో పట్టుకోగలిగారు. పట్టుకున్న మరుక్షణం గర్భసంచిని మర్దించడం, మందులు, సెలైన్ అన్నీ కలిపి మొదలుపెట్టారు. లీటరు, అంతకు మించి రక్తం పోవడం, దాన్ని ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం, మరణం - ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి.

ఇలా సంచితో రక్తం కొలవడం మన పొరుగునే, కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో అంతకుముందే జరిగింది. 2006లో వచ్చిన ఆ అధ్యయనంలో 1,620 మంది తల్లులున్నారు. బిడ్డ బయటపడగానే ఏఎన్‌ఎంలు సగం మందికి మిసోప్రోస్టాల్ మాత్రలు, మిగతావారికి మందు లేని మాత్రలు మింగించారు. మందు అందనివారిలో 12 శాతం మందికి అధిక రక్తస్రావమైంది, అందినవారిలో 6.4 శాతానికే. ఇందుకు మామూలుగా వాడే ఆక్సిటోసిన్ ఇంజక్షన్‌కు ఫ్రిజ్ కావాలి, సూది వేయడం వచ్చినవారు కావాలి. కరెంటు నిలవని ఊళ్లో మాత్ర విలువ అక్కడి నర్సుకే తెలుస్తుంది.

రక్తస్రావాన్ని ఆపే మరో మందు ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే 1960ల్లోనే దాన్ని కనిపెట్టారు. బాలింతల మీద పరీక్షించి చూడండని ఆమె అడిగితే అక్కడి వైద్యులు ఒప్పుకోలేదు. సుమారు యాభై ఏళ్ల తర్వాత 21 దేశాల్లో 20 వేల మంది తల్లులతో ఆ పరీక్ష జరిగింది. మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు మూడో వంతు తగ్గుతాయని 2017లో తేలింది. ఆ మాట వినడానికి ఉటాకో లేరు. 98 ఏళ్ల వయసులో అంతకు ఏడాది ముందే కన్నుమూశారు.

మంచి మందు ఎక్కడైనా మంచే చేస్తుందా? నెలలు నిండకముందే నొప్పులు వస్తే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయి. సంపన్న దేశాల్లో ఇది ఎప్పుడో రుజువైంది. దీన్నే భారత్ సహా ఆరు దేశాల్లో పల్లెల దాకా తీసుకెళ్లి చూస్తే, నవజాత శిశు మరణాలు తగ్గకపోగా పెరిగాయని 2015లో బయటపడింది. తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి. ఎన్నో నెలో కచ్చితంగా తెలియక, ఇంజక్షన్ అవసరం లేనివారికీ ఇచ్చారు. తర్వాత స్కానింగ్‌తో నెలలు లెక్కగట్టి, పసికందుల సంరక్షణ ఏర్పాట్లున్న ఆసుపత్రుల్లోనే ఇచ్చి చూశారు. 2020 నాటి ఫలితాల్లో శిశు మరణాలు 23.5 నుంచి 19.6 శాతానికి తగ్గాయి. పేదలున్న చోట వాడే మందును అక్కడే పరీక్షించి తీరాలనడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం కనిపించదు.

తెలంగాణ సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల ఆడవాళ్లకు పసిబిడ్డల వైద్యం నేర్పారు. ఇంటికే వెళ్లి ఇంజక్షన్ కూడా వాళ్లే వేసేవారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇవాళ ఆశా కార్యకర్త బాలింత ఇంటి తలుపు తట్టడం వెనక ఆ పల్లెలున్నాయి.

పసిపిల్లలను విరేచనాల నుంచి కాపాడే, హైదరాబాద్‌లో తయారయ్యే రోటావ్యాక్ చుక్కలకు మూలం 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందులు. వాళ్లలో రోటావైరస్ కనిపించినా విరేచనాలు కాలేదు. ఆ వైరస్ నుంచే టీకా వచ్చింది. 2016లో దీన్ని అందరికన్నా ముందు అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంక్యుబేటర్లు చాలక, 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు బరువు తక్కువ బిడ్డలను తల్లి ఒంటికి హత్తించి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ అంటే అదే. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే అలా చేయాలని చాలాకాలం అనుకున్నారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో, 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే హత్తుకుని చూశారు. మరణాలు 15.7 నుంచి 12 శాతానికి దిగాయి. ఇక మిగతా బిడ్డలకు దాన్ని ఆలస్యం చేయడం న్యాయం కాదని అధ్యయనాన్ని ముందే ఆపేశారు. తల్లికి వీలుకాకపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా హత్తుకోవచ్చు. మీ ఇంట్లో బరువు తక్కువ బిడ్డ పుడితే, మొదటి గంటలోనే డాక్టరును దీని గురించి అడగండి.