అత్తవారితో జియారతు

దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్‌.బి. నగర్‌ ప్రాంతముల నుండి చదువులకై, ఉద్యోగములకై విదేశములకు పోవు యువజనులు నేడు అనేకులు. వారిలో కొందరు పరదేశీయులను వివాహమాడుచున్నారు. వియ్యమందిన కుటుంబము ఇరాన్‌ దేశమునకు చెందినదైనచో, కొత్త కోడలినో అల్లునినో మషద్‌ నగరములోని పుణ్యస్థలమునకు తోడ్కొనిపోవ వారు ముచ్చటపడుట సహజము. మన పెద్దలు కొత్త దంపతులను ఇలవేల్పు సన్నిధికి తీసికొనిపోవుట వంటిదే యిది. అచ్చట ఎట్లు మెలగవలెనో ముందుగా తెలిసికొన్నచో ఇరుపక్షముల మర్యాదయు నిలుచును.

దర్గా అనునది మన ప్రాంతమువారికి కొత్త కాదు. 2018లో మెట్రో రైలు ఎల్‌.బి. నగర్‌ వరకు వచ్చినది మొదలు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినవారు బండి మారనక్కరలేకయే నాంపల్లిలో దిగి యూసుఫైన్‌ దర్గాను దర్శింపగలుగుచున్నారు. యూసుఫ్‌ బాబా, షరీఫ్‌ బాబా అను ఇరువురు సూఫీల సమాధులు అచ్చట ఉన్నవి. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలో వారుండిరని చెప్పుదురు. ఈ దర్గాకు హిందువులును పోవుదురు. చెప్పులు విడిచి, తలపై గుడ్డ కప్పుకొని, సమాధికి పూలో చాదరో సమర్పించి, ఫాతిహా చదివించి, మొక్కు చెప్పుకొని వత్తురు.

ఈ అలవాటుతో మషద్‌ పోవువారికి మొదటి చిక్కు మాటతోనే కలుగును. చాదరు సిద్ధము చేసికొమ్మని అత్తగారు చెప్పినచో, సమాధిపై కప్పు వస్త్రమని మన కోడలు తలపవచ్చును. పారసీక భాషలో చాదరు అనగా స్త్రీలు తల మొదలు పాదముల వరకు కప్పుకొను వస్త్రము. మషద్‌ పుణ్యస్థలములోనికి ఇది ధరించియే స్త్రీలు పోవలెను. చీరచెంగును తలపైకి లాగుకొనుట చాలదు.

అచ్చట సమాధియందున్నవారు షియాల ఎనిమిదవ ఇమాము రెజా. క్రీ.శ. 818లో తూస్‌ నగర సమీపమున ఆయన మరణించెను. ఆయనకు విషమిచ్చిరని షియాల విశ్వాసము. ఆ సమాధి చుట్టు పెరిగిన ఊరికే మషద్‌ అని పేరు. ప్రాణత్యాగము జరిగిన చోటు అని దాని అర్థము. సమాధిని ఆనుకొనియున్న గొప్ప మసీదును 1418లో గౌహర్‌షాద్‌ కట్టించెను. ఆమె షారుఖ్‌ భార్య, తైమూరుకు కోడలు. ఒక కోడలి పేర నిలిచిన మసీదు అది.

ప్రవేశద్వారముల వద్ద స్త్రీలను, పురుషులను వేరువేరుగా సోదా చేయుదురు. సంచులు, కెమెరాలు వెలుపలనే అప్పగింపవలెను. లోనికి పోవునపుడు చెప్పులను అందులకై ఏర్పరచిన చోట ఇచ్చి, గుర్తుబిళ్ల తీసికొందురు. సమాధి చుట్టు వెండి బంగారముల జాలీ కలదు. దానిని తాకుటకై జనము ఒత్తుకొనును. నెమలియీకల కుంచెలవంటివి చేతబూనిన సేవకులు వారిని మెల్లగా కదల్చుచుందురు. తిరిగి వచ్చునపుడు సమాధికి వీపు చూపక, వెనుకకు నడచుచు వచ్చువారు అనేకులు.

ఇచ్చట రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. మొదటిది: జాలీ వద్ద స్త్రీలకొక ప్రక్క, పురుషులకొక ప్రక్క. కనుక కోడలు తన భర్తను విడిచి, అత్తగారితోను ఆడుబిడ్డలతోను మాత్రమే ఉండును. భాష రాదు, అడుగుటకు పక్కన మనిషి లేడు. రెండవది: ముస్లిములు కానివారిని ఆవరణలలోనికి రానిత్తురు గాని, సమాధియున్న మందిరములోనికి రానీయకుండుట అచ్చటి నియమము. నాంపల్లికి అలవాటుపడినవారికి ఇది తోచదు.

కనుక ఈ ప్రస్తావన ఇంటివద్దనే జరుగవలెనని మేము చెప్పుదుము. తాను ముస్లిము కాని కోడలు, ఆ మాట దాచి, జనములో కలిసి లోనికి పోవుట తగదు. అది అత్తవారు పవిత్రముగా ఎంచు నియమమును వారి చేతనే తప్పించుట యగును. అట్లని, నేను రానే రానని బసలో కూర్చుండుటయు ప్రేమతో పిలిచినవారికి కష్టము కలిగించును. వీటికి నడుమ దారి యున్నది. ఆవరణ వరకు వెంట పోయి, అచ్చట నిలిచి, లోనికి పోవువారిని మా కొరకును ప్రార్థింపుడని కోరవచ్చును. ఇల్తిమాసె దుఆ అనునదే ఆ కోరికకు వారి మాట. దుఆ అను మాట హైదరాబాదు వాసులకు తెలియనిది కాదు. లోనికి పోయి వచ్చినవారిని జియారత్‌ ఖబూల్‌ అని పలుకరింపవచ్చును. మీ యాత్ర ఫలించుగాక అని దాని భావము.

ఈ సంగతిని అత్తగారికి ముందుగా తెలుపవలసిన బాధ్యత భర్తది. ద్వారమువద్ద తెలిసినచో ఆమెకు నలుగురిలో చిన్నతనము కలుగును. ఇంటిలో తెలిసినచో, కోడలు తన మనస్సును దాచలేదనియు, తమ ఆచారమును తేలికచేయలేదనియు ఆమె గ్రహించును. సూర్యాస్తమయ సమయమున అచ్చటి నగారాఖానా నుండి వినవచ్చు భేరీకాహళధ్వనులు ఆవరణలో నిలిచినవారికిని, లోనికి పోయినవారికిని ఒక్కటే. వాటిని అత్తగారి ప్రక్కన నిలిచి వినుటకు ఏ నియమమును అడ్డురాదు.