తూకానికి వెళ్లని కాగితాలు

ఇంట్లో చదువుకున్న పెద్దాయన పోతే పుస్తకాలు ఏదో ఒక లైబ్రరీకి చేరతాయి. మరి ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు, ఉత్తరాలు, కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతులు? చాలా ఇళ్లలో అవి పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతాయి. మైసూరులో పుట్టిన ఏకే రామానుజన్ కాగితాలకు మాత్రం ఆ గతి పట్టలేదు.

1929లో పుట్టిన రామానుజన్‌కు ఇంట్లో తమిళం, వీధిలో కన్నడం, మేడమీద నాన్నగారి గదిలో ఇంగ్లిషు. బెళగావిలో ఇంగ్లిషు పాఠాలు చెబుతూనే కన్నడ జానపద కథలు సేకరించారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, 1993లో కన్నుమూసే వరకు షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. శివశరణుల వచనాలనూ, సంగం కవితలనూ ఇంగ్లిషు పాఠకులకు దగ్గర చేసింది ఆయనే.

భార్య మాలీ డేనియల్స్ కూడా రచయిత్రే. షికాగోలో ఎందరికో రచన నేర్పారు. 1962లో పెళ్లయింది, తర్వాత విడిపోయారు. అయినా ఆయన పోయాక ఆ రాతలను ఆమె వదిలేయలేదు. పుస్తకాల్లోకి ఎక్కకుండా మిగిలిన కవితలు, వచన రచనలను కీత్ హారిసన్‌తో కలిసి 2001లో సంపుటిగా తెచ్చారు. 2004లో మరో పెద్ద సంపుటికి సంపాదకత్వం వహించారు.

రామానుజన్ కాగితాలు ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలోని డైరీలే 2019లో పుస్తకమయ్యాయి. సంపాదకుల్లో ఒకరు వాళ్లబ్బాయి కృష్ణ. అంటే ఆయన పోయిన పాతికేళ్లకు పైగా గడిచాక కూడా కొత్త పుస్తకం వచ్చిందన్నమాట!

ఇందులో మన వాటా కూడా ఉంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి రామానుజన్ క్షేత్రయ్య పదాలను ఇంగ్లిషులోకి తెచ్చారు. తంజావూరు నాయకరాజుల కొలువులో మెప్పు పొందిన ఆ తెలుగు పదాల పుస్తకం 1994లో, ఆయన పోయాక, అచ్చయింది.

సరిహద్దు ఊళ్లలో తెలుగు మాస్టార్ల ఇళ్లకు కొదవలేదు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో ఏమున్నాయో ఎవరు చూశారు? అటక దులిపే ముందు ఒక్కసారి తెరవండి. ఉత్తరాలను తేదీల వారీగా కట్టండి. ఫొటోల వెనక పేర్లు రాయండి. తెలిసిన అధ్యాపకుడికో, దగ్గర్లోని విశ్వవిద్యాలయ తెలుగు శాఖకో చూపించండి. తూకానికి వేస్తే వచ్చేది నాలుగు రూపాయలు. పోయేది మాత్రం మళ్లీ రాదు.