గ్రీకు సువార్తాపఠనగ్రంథము: లిపి, కాలము, పాఠము

అక్షరముల రూపమునుబట్టి వ్రాఁతప్రతుల కాలమును నిర్ణయించుట పండితులలో వాడుక. ఈ పద్ధతి యెంత యుపయుక్తమో యొంటిగాఁ బ్రమాణముగాఁ గొన్నచో నంత ప్రమాదకరము. లండను నగరమున బ్రిటిషు గ్రంథాలయమందు హార్లే 5598 అను సంఖ్యతో నున్న గ్రీకుప్రతి యిందులకు నిదర్శనము.

ఇది చర్మపత్రములపై వ్రాయఁబడిన సువార్తాపఠనగ్రంథము. మత్తయి, మార్కు, లూకా, యోహానుల సువార్తలు ఇట్టి గ్రంథములందుఁ గథాక్రమమున నుండవు. క్రైస్తవదేవాలయమున నే దినమునఁ జదువవలసిన భాగ మా దినముక్రింద నుండును. గ్రంథమునకు సాధారణముగా రెండు ఖండములు. మొదటిది యేఁటేఁట దినము మాఱు పునరుత్థానపుఁ బండుగతోను, యోహాను సువార్త మొదటి వాక్యముతోను ఆరంభమగును. రెండవది స్థిరదినములలో వచ్చు పండుగలకు సంబంధించినది. బైజాంటియనుల సంవత్సరాదియైన సెప్టెంబరు 1వ తేదీతో మొదలగును.

గ్రీకు లేఖకులు 9వ శతాబ్దిలోనే గొలుసుకట్టు చిన్నయక్షరములతో సువార్తలను వ్రాయసాగిరి. 835లో నట్లు వ్రాయఁబడిన ప్రతి యిప్పటికిని గలదు. హార్లే ప్రతియందో ప్రాచీనమగు పెద్ద విడియక్షరములే యున్నవి. లిపిని మాత్రమే చూచువాఁడు దీనిని పూర్వశతాబ్దులకుఁ జేర్ప వచ్చును. కాని దీనిని వ్రాసిన కాన్‌స్టాంటైన్ అను యాజకుఁడు లేఖనకాలమును దెలిపియున్నాఁడు. అది 995వ సంవత్సరము మే 27వ తేదీ. బైజాంటియనుల సృష్ట్యాదిశకమున నది 6503వ సంవత్సరము. ఆ శకమునుండి 5508 తీసివేయఁగాఁ గ్రీస్తుశకము వచ్చును. సెప్టెంబరు మొదలు డిసెంబరువఱకు మాత్రము 5509 తీసివేయవలెను.

పాతలిపి యంతకాల మేల నిలిచెను? ఈ గ్రంథము సభలో బిగ్గఱగాఁ జదువుటకై యేర్పడినది. పెద్దయక్షరములు పాఠకునకు సుగమములు. పూజాగ్రంథములందుఁ బూర్వాచారమును విడువకుండుటయు సహజము. ఇట్టి ప్రతులందుఁ బఠనరీతిని దెలుపు గుర్తులును గానవచ్చును. వేదపాఠమందలి స్వరరేఖ లక్షరముల ననుసరించును; ఈ గుర్తులు వాక్యఖండముల యాద్యంతములందు జంటగా నుండి యా ఖండమును జదువవలసిన తీరును దెలుపును.

పాఠనిర్ణయమునందును జాగరూకత వలయును. పఠనభాగముల మొదట “ఆ కాలమందు” అనునట్టి మాటలు తఱచుగాఁ జేర్పఁబడును. “అతఁడు” అనుచోట “యేసు” అను నామము నిలుపఁబడును. మధ్యనుండి వినువారికి సందర్భము దెలియుటకై కూర్చినవి గాన వీనిని మూలమునకుఁ బాఠాంతరములుగా గణింపరాదు. మిగిలిన భాగమున నీ ప్రతుల సాక్ష్యము యథోచితముగాఁ బరిశీలింపఁదగినదే. కావునఁ బ్రతి యే ప్రయోజనమునకై వ్రాయఁబడెనో మొదట నిర్ణయించి, పిదప లిపిని, పాఠమును విచారించుట యుచితము.