చుక్క కనపడే ఫాంట్ కావాలి

పుస్తకం ప్రూఫు చూసిపెట్టమని వచ్చే రచయితలు పేజీలన్నీ ముచ్చటగా అమర్చి, స్పైరల్ బైండింగు చేయించి మరీ తెస్తారు. నేను దాన్ని పక్కన పెట్టి “ఫైలు ఉందాండీ, పంపుతారా?” అని అడుగుతాను. కొందరి మొహం చిన్నబోతుంది, ఇంత ఖర్చు పెట్టి ప్రింటు తీయిస్తే ఈవిడ చూడదేమిటని. చూస్తాను, ఆఖర్న. ముందు ఆ మాటల్ని నాకు పనికొచ్చే ఫాంట్‌లోకి మార్చుకోవాలి, అక్షరం సైజు పెంచుకోవాలి, వరసల మధ్య జాగా వదులు చేసుకోవాలి. అప్పుడే పని మొదలు. “తప్పు ఏ ఫాంట్‌లో ఉన్నా తప్పే కదమ్మా” అన్నారు ఒక కవిగారు. తప్పు తప్పే. కాకపోతే ఒక ఫాంట్‌లో అది ఎదురొచ్చి పలకరిస్తుంది, ఇంకో ఫాంట్‌లో తల వంచుకుని పక్కనుంచి జారుకుంటుంది.

విజయవాడలో సీసం అక్షరాల రోజుల్లో ప్రూఫురీడరుగా చేరినదాన్ని. అప్పుడు ఫాంట్ ఎంచుకునే భాగ్యం ఎక్కడిది? ప్రెస్సులో ఉన్న టైపే టైపు. అది అరిగిందంటే ‘థ’ కడుపులో చుక్క కాగితం మీద పడేది కాదు. గేలీ ప్రూఫులో అది ‘ధ’ అయి కూర్చునేది. కంపోజిటర్ తప్పు పెట్టాడా, టైపు అరిగిందా అని భూతద్దం పట్టుకుని తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు టైపు అరగదు. కానీ లావుపాటి ఫాంట్‌ని చిన్న సైజులో తెర మీద చూడండి, అదే చుక్క అలాగే పూడుకుపోయి ఉంటుంది.

మన అక్షరం మూడంతస్తుల ఇల్లు. పై అంతస్తులో తలకట్టు, గుడి, ఎత్వం, ఒత్వం ఉంటాయి. నడిమి అంతస్తు అక్షరం ఒళ్లు. కింది అంతస్తులో వత్తులు, ఒత్తక్షరాల కింద వేలాడే చిన్న గీత. ద, ధల తేడా కింద ఉంది. ధ, థల తేడా నడుమ ఉంది, ఒక్క చుక్క. ప, వల తేడా పైన ఉంది: ప నోరు తెరుచుకుని ఉంటే తలకట్టు దానికి అంటకుండా నిలబడుతుంది, వ మూసుకుని తలకట్టుతో కలిసిపోతుంది. స, నల మధ్య కూడా ఇదే పేచీ. ప్రూఫు చూసేవాళ్లు ప్రతి అక్షరానికీ మూడంతస్తులూ ఎక్కి దిగాలి. ఫాంట్ వీటిలో ఏ అంతస్తును ఇరుకు చేసినా తప్పులు అక్కడే కాపురం పెడతాయి.

ఈ చిక్కు ఇప్పటిది కాదు, కొమ్ము పెట్టే తీరులోనే తెలుస్తుంది. చాలా అక్షరాలకు కొమ్ము పక్కన తగిలిస్తాం, ప, ఫ, వలకు మాత్రం కిందినుంచి తిప్పుకొస్తాం. వకారానికి పక్కన కొమ్ము పెట్టి చూడండి, మకారంలా కనపడుతుంది.

తప్పు పడ్డాక అది అర్థం లేని మాటగా మిగిలితే ఎవరైనా పట్టేస్తారు. తప్పు పడ్డాక కూడా శుభ్రమైన తెలుగు మాటే మిగిలితేనే ప్రమాదం. గుడి దీర్ఘం తోక రాలితే మునిసిపాలిటీ వేయించే వీధి దీపాలు ‘విధి దీపాలు’ అవుతాయి. ‘మేడ మీంచి దూకాడు’ అన్నచోట ఏత్వం కురచైతే మనిషి మెడ మీంచి దూకుతాడు. మధ్యతరగతి జీవితం మీద గంభీరంగా రాసిన వ్యాసంలో కింది గీత ఎగిరిపోతే అది ‘మద్యతరగతి’. భావకవిత్వం ‘బావకవిత్వం’ అయిందంటే ఇక మరదలి కోసం వెతుక్కోవాలి. పంటకూ వంటకూ, పెళ్లికీ వెళ్లికీ, అర్థానికీ అర్ధానికీ ఇదే గతి. కంప్యూటరు వీటిలో చాలావాటి కింద ఎర్రగీత గీయదు, ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్నవే. అసలు మన భాషలో మాటకు విభక్తులూ సంధులూ తగిలి లెక్కలేనన్ని రూపాలు పుడతాయి కాబట్టి స్పెల్‌చెక్ అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. సరైన మాట కింద గీత గీసి, తప్పు మాటను వదిలేసిన పేజీలు నేను బోలెడు చూశాను.

చదివేటప్పుడు కన్ను వరస మీద నున్నగా జారుతూ పోదు, గెంతుతుంది. పారిస్ కంటి వైద్యుడు ఎమీల్ జావల్ ఈ గెంతుల సంగతి 19వ శతాబ్దం చివరి భాగంలోనే రాశాడు. ఆగిన ప్రతిచోటా కొన్ని అక్షరాలే స్పష్టంగా పడతాయి, మిగతాది మెదడు అలవాటుకొద్దీ పూరించుకుంటుంది. సొంత రచన అయితే పూరించే పని మరీ ఎక్కువ. అందుకే ఎవరి పుస్తకానికి వాళ్లు మంచి ప్రూఫురీడర్లు కాలేరు. రోమన్ అక్షరాల్లో పై సగమే ఎక్కువ ఆనవాలు ఇస్తుందని కూడా జావల్ గమనించాడు. ఇంట్లో చేసి చూడవచ్చు: ఇంగ్లీషు పేపర్లో ఒక వరస కింది సగాన్ని అట్టముక్కతో మూస్తే చాలావరకు చదవగలం. తెలుగు పేపర్లో మూస్తే వత్తులన్నీ పోతాయి, ద-ధలు ఒకటైపోతాయి. పై సగం మూస్తే గుళ్లూ ఏత్వాలూ పోతాయి. మనకు ఏ సగాన్నీ వదులుకునే వీల్లేదు.

కాబట్టి హాయిగా చదివించే ఫాంట్ పాఠకుడికి మిత్రుడు, నాకు శత్రువు. పాఠకుడి కన్ను పెద్ద గెంతులు వేయాలి, నా కన్ను ప్రతి అక్షరం దగ్గరా ఆగాలి. అలాగని వికారమైన ఫాంట్ వాడితే ఒరిగేదీ లేదు. 2018లో మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ‘సాన్స్ ఫర్గెటికా’ అని ఒక ఫాంట్ తయారుచేశారు. గీతలు మధ్యమధ్యలో తెగి ఉంటాయి, కష్టపడి చదివితే బాగా గుర్తుంటుందని వాళ్ల వాదన. తర్వాత వేరే పరిశోధకులు పరీక్షిస్తే ఆ లాభం కనపడలేదు. నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది. కన్ను అలిసిందంటే పదో పేజీ దాటాక తప్పులు వదలడం మొదలవుతుంది.

నాకు కావలసింది జంట అక్షరాలను విడదీసి చూపించే ఫాంట్. మొదటి చూపుకు నోటో సాన్స్ తెలుగు పెట్టుకుంటాను. గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది, అక్షరాల కడుపులు విశాలంగా ఉంటాయి, చుక్క చుక్కలా ఉంటుంది. రెండో చూపుకు తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన ఫాంట్‌కు మారుస్తాను. అది పాత పుస్తకాల అచ్చుకు దగ్గర. మారిస్తే వరసలు వేరేచోట విరుగుతాయి. మొదటిసారి వరస చివర దాక్కున్న మాట ఈసారి నడిమధ్యకు వస్తుంది. ఫాంట్ మార్పు ఇచ్చే మేలులో సగం ఇదేనని నా నమ్మకం. 2013 ప్రాంతంలో సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, ధూర్జటి వంటివి కూడా నా కంప్యూటర్లో ఉన్నాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికలకు దివ్యంగా ఉంటాయి. ప్రూఫుకు మాత్రం వాటి జోలికి పోను.

కొత్త ఫాంట్ ఏది వచ్చినా దానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. “థ ధ ద, ప వ, స న, బ భ, చ ఛ, డ ఢ, ర ఠ, విధి వీధి, మెడ మేడ, కొడి కోడి” అని ఒక వరస టైపు చేసి, చేయి చాపినంత దూరంలో పెట్టుకుని చూస్తాను. ఏ జంట దగ్గరైనా ఊహించాల్సి వచ్చిందంటే ఆ ఫాంట్ ప్రూఫుకు పనికిరాదు. సైజు తెర మీద 18 పాయింట్లకు తగ్గనివ్వను. ఇంగ్లీషు, తెలుగు రెండూ 12 పాయింట్లే పెట్టినా తెలుగు చిన్నగా కనపడటం మీరు గమనించే ఉంటారు. పైనా కిందా అంతస్తులకు చోటు ఇవ్వాలి కాబట్టి అక్షరం ఒళ్లు కుదించుకుంటుంది.

ఇంగ్లీషువాళ్ల బాధలు వేరు. ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్‌లా కనపడి ‘మోడర్న్’ కాస్తా ‘మోడెమ్’ అవుతుంది. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె ముగ్గురూ కవలలు. పాత పుస్తకాలను స్కాన్ చేసి గుటెన్‌బర్గ్ ప్రాజెక్టుకు అందించడానికి 2000లో చార్లెస్ ఫ్రాంక్స్ మొదలుపెట్టిన ‘డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్’ బృందం ఈ కవలలను విడదీయడానికే ‘డీపీ కస్టమ్ మోనో’ అనే ఫాంట్ వాడింది. చూడటానికి అందంగా ఏమీ ఉండదు, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. ఆ ఒకే వెడల్పు పద్ధతి మనకు కుదరదు. ‘ర’కూ ‘క్ష్మీ’కీ ఒకే గది ఇస్తే ఒకరు అందులో తప్పిపోతారు, ఇంకొకరికి ఊపిరాడదు. చూపు మందగించినవారి కోసం అమెరికాలోని బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ 2019లో తెచ్చిన ‘అట్కిన్సన్ హైపర్‌లెజిబుల్’ కూడా అక్షరాల పోలికలు చెరిపే ఉద్దేశంతో గీసినదే. అందులో తెలుగు లేదు. అలాంటిది తెలుగులో ఎవరైనా గీస్తే మొదట వాడేది నేనే.

రిటైరయ్యాక తీరిక దొరికినప్పుడల్లా తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు దిద్దుతున్నాను. ఒకవైపు స్కాన్ చేసిన పేజీ, ఇంకోవైపు యంత్రం చదివి ఇచ్చిన పాఠం. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. ఒకే మనిషి రెండు రంగులూ మార్చకూడదన్న నియమం నాకు చాలా నచ్చింది. మన ప్రెస్సుల్లో అది ఉంటే ఎన్ని తప్పొప్పుల పట్టికలు తప్పేవో! యంత్రానికి కూడా మనుషులకు వచ్చే అనుమానాలే వస్తాయి. సమయం ‘నమయం’ అవుతుంది, సాగునీరు ‘నాగునీరు’ అవుతుంది. పాత అచ్చులోని అరసున్నలు, బండి ఱలు, చజల మీద అంకెలు మన ఫాంట్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు కనపడతాయి.

ఫాంట్ ఎంత మంచిదైనా చూపించలేని తప్పులు కొన్ని ఉన్నాయి. తెలుగు సున్న అంకెనూ, ‘వంట’లో వచ్చే సున్ననూ యూనికోడ్ వేర్వేరుగా చూస్తుంది. చాలా ఫాంట్లలో అవి కవలలే. ‘వంట’లో సున్న బదులు అంకె పడితే పేజీ మీద ఏ తేడా తెలియదు, కానీ ఆ మాట కోసం వెతికితే దొరకదు. దీన్ని కంటితో కాదు, కంప్యూటరుతోనే వెతికించి పట్టుకోవాలి. పాత పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్న ‘అను’ ఫాంట్లతో తలనొప్పి ఇంకో రకం. అక్కడ దాచేది అక్షరాన్ని కాదు, అక్షరం ముక్కల్ని. ఫాంట్ మార్చారంటే తెలుగు మాయమై ఇంగ్లీషు గుర్తుల కుప్ప మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చేటప్పుడు కొత్త తప్పులు పుట్టుకొస్తాయి. అలాంటి పుస్తకానికి నేను గడువు ఎక్కువ అడుగుతాను.

ఇంత చేశాక అప్పుడు ఆ స్పైరల్ బైండింగు తీస్తాను. పుస్తకం ఏ ఫాంట్‌లో అచ్చవుతుందో ఆఖరి ప్రూఫు ఆ ఫాంట్‌లోనే చూడాలి. పై వరసలోని వత్తు దిగి కింది వరస గుడిని గుద్దుకునేది ఇక్కడే. ‘సాఫ్ట్‌వేర్’లో టకారానికి వకారం వత్తై అతుక్కుపోయేదీ ఇక్కడే బయటపడుతుంది. ఈసారి నేను వాక్యాలు చదవను, వరసల మధ్య ఖాళీలూ, మాట విరిగిన చోట్లూ, పేజీ అంకెలూ చూస్తాను.

ఆ తర్వాత అట్ట. పుస్తకం మొత్తం మీద పెద్ద అక్షరాలు అక్కడే ఉంటాయి, ఎవరూ ప్రూఫు చూడనిదీ అక్కడే. పేరును ఆర్టిస్టు చేత్తో రాస్తాడు, బొమ్మగా వస్తుంది, నేను ఫాంట్ మార్చలేను. పక్కనే ఒక తెల్లకాగితం పెట్టుకుని చివరి అక్షరం నుంచి మొదటిదాకా ఒక్కొక్కటీ విడిగా రాసుకుంటాను, తర్వాత రచయిత పంపిన ఫైల్లోని పేరుతో పోల్చుకుంటాను. రచయిత ఇంటిపేరు, ధర, వెనక అట్ట మీద ఫోన్ నంబరు కూడా అలాగే. “అట్టలో చూడటానికి ఏముంటుంది మేడమ్, నాలుగు మాటలేగా” అంటాడు మా డీటీపీ అబ్బాయి. అని, నేను టిక్కు పెట్టేదాకా ప్లేటుకు పంపకుండా ఆగుతాడు.