మునిగిన గోడ – ఎగిరిపడు మోటారు

2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన సంగమేశ్వరాలయము ఏడాదిలో చాలకాలము శ్రీశైలము జలాశయములో మునిగియుండి, వేసవిలో బయటపడును. నీరు తగ్గుచున్నప్పుడు దాని గోడలు ఒక్కొకప్పుడు బెత్తెడు లోతుననే దాగియుండును. పుట్టికి ఈ బెడద అంతగా లేదు; చిక్కెల్లను పడవ వెనుక తగిలించు మోటారుకే. దాని కాలు నీటిలోనికి దిగియుండును గదా!

రాయి తగులగానే ఆ కాలు కీలుపై వెనుకకు, పైకి లేచును. పెద్ద మోటార్లలో నూనె నిండిన సిలిండరు ఉండును. దెబ్బకు అందులోని కవాటము తెరచుకొని, నూనె ఇరుకుదారిన పోవుచు ఊపును మ్రింగును. కాని వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగింతలగును. సిలిండరు దానిని ఓపలేనిచో బిగింపు విరిగి, మోటారు తిరుగుచున్న రెక్కలతో సహా పడవలోనికి పల్టీకొట్టును.

నడుపువాని మణికట్టుకు కట్టిన తాడు ఊడినచో ఇంజను ఆగును. మంచిదే, అయితే మోటారు ఎగురుటను అది ఆపదు. అందుకు మోటారును పడవ వెనుకపలకకు కలుపు బలమైన నాడా కావలెను. ఆ నాడా కొంచెము సాగవలెను. సాగనిచో దెబ్బయంతయు ఒక్క క్షణములోనే పడి అదియు తెగును.